రికార్డింగ్ లేని గంట: చిత్ర సేకరణల నిర్వాహకుల ఆన్‌లైన్ సదస్సు, ఒక కేస్ స్టడీ

సదస్సు అయిపోయిన ఆరో వారంలో ఒక మెయిల్ వచ్చింది. "రెండో రోజు పాత స్లైడ్ల మీద జరిగిన చర్చ రికార్డింగ్ పంపగలరా? మా దగ్గర ఇప్పుడు అదే పని మొదలైంది" అని. ఇందులో ఏముంది, లింక్ పంపేస్తే సరిపోతుంది అనుకుని తెరిచి చూశాను. ఫైల్ లేదు. మేం వాడిన మీటింగ్ సర్వీసు రికార్డింగ్‌లను 30 రోజులు ఉంచి, ఆ తర్వాత తనంతట తానే చెరిపేస్తుంది. ఆ సంగతి సెట్టింగ్స్‌లో రాసే ఉంది. హెచ్చరిక మెయిల్ కూడా వచ్చింది. కాకపోతే అది సదస్సు కోసం తాత్కాలికంగా తెరిచిన మెయిల్ ఖాతాకు వచ్చింది. సదస్సు ముగిశాక ఆ ఖాతా వైపు ఎవరూ తొంగి చూడలేదు. మిగతా రికార్డింగ్‌లను ఎడిటింగ్ కోసం ముందే దించుకున్నాం కాబట్టి అవి బతికాయి. ఈ ఒక్కటీ "తర్వాత చూద్దాం" అన్న జాబితాలో ఉండిపోయింది.

మా వృత్తి ఏమిటో చెబితే ఇదెంత తలవంపులో తెలుస్తుంది. ఫోటోలు, నెగెటివ్‌లు, స్లైడ్లు (ప్రొజెక్టర్‌లో పెట్టి గోడ మీద చూపించే ఫిల్మ్ ముక్కలు), పోస్టర్లు, వాటి డిజిటల్ కాపీలు పోకుండా చూడటం మా పని. ఏ ఫైలైనా మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల మాధ్యమాల మీద ఉండాలి, ఒకటైనా వేరే చోట ఉండాలి అని కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే చెబుతాం. ఆ సదస్సులో కూడా ఇదే సూత్రం మీద ఒక ప్రసంగం జరిగింది. ఆ ప్రసంగం రికార్డింగ్ మాత్రం భద్రంగా ఉంది.

నిర్వాహక బృందంలో ఐదుగురం. ప్రసంగాల్లో చూపించే బొమ్మలు, వాటి హక్కులు, రికార్డింగ్‌లు నా బాధ్యత. కాబట్టి ఇక్కడ రాసే తప్పుల్లో చాలావరకు నావే.

ఎందుకు పెట్టాం, ఎలా పెట్టాం

ఈ వృత్తిలో ఎక్కువమంది ఒంటరిగా పనిచేస్తారు. లైబ్రరీకో మ్యూజియానికో కాలేజీకో బొమ్మల సేకరణ ఉంటుంది. దాన్ని చూసుకునే మనిషి చాలా చోట్ల ఒక్కరే. "ఈ ఫిల్మ్ ఏ పదార్థంతో చేసింది, నైట్రేటా, ఎసిటేటా?" అని అడుగుదామంటే పక్క సీట్లో ఎవరూ ఉండరు. కళా చరిత్ర పాఠాల కోసం కాలేజీలు పెంచుకున్న స్లైడ్ లైబ్రరీల నుంచి ఈ వృత్తిలో ఒక పెద్ద పాయ వచ్చింది. ఇలాంటి సేకరణలు చూసుకునేవాళ్ల సంఘం విజువల్ రిసోర్సెస్ అసోసియేషన్ 1982లో ఏర్పడింది. సంఘాలూ వార్షిక సమావేశాలూ అప్పటినుంచీ ఉన్నాయి. కానీ వాటికి వెళ్లాలంటే ప్రయాణ ఖర్చు కావాలి, సేకరణకు తాళం వేసి రావాలి. ఒక్కరే ఉన్నచోట రెండోది మరీ కష్టం.

అందుకే ఆన్‌లైన్ అనుకున్నాం. మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు, ఒకటే వేదిక. అంతకు మించి తెర ముందు ఎవరూ కూర్చోలేరు. ఆ లెక్క సరిగ్గానే కుదిరింది.

సమయాల దగ్గర మాత్రం మొదటి దెబ్బ తగిలింది. సదస్సు మార్చిలో. అమెరికాలో గడియారాలను మార్చి రెండో ఆదివారం ముందుకు తిప్పుతారు, యూరప్‌లో ఆఖరి ఆదివారం. మధ్యలో ఉన్న ఆ రెండు మూడు వారాలు న్యూయార్క్, లండన్‌ల మధ్య తేడా ఐదు గంటలు కాదు, నాలుగే. మా సదస్సు సరిగ్గా ఆ సందులో పడింది. పైగా మొదటి ప్రకటనలో "ఐఎస్‌టీ" అని కూడా రాశాం. ఆ మూడక్షరాలు ఇండియాకీ, ఇజ్రాయెల్‌కీ, ఎండాకాలం ఐర్లాండ్‌కీ కూడా చెల్లుతాయి. ఒక వక్త గంట ముందే వచ్చి ఖాళీ గదిలో కూర్చున్నారు. ఇంకొకరు తన వంతు వచ్చేసరికి ఇంకా భోజనం దగ్గరే ఉన్నారు. ఆ రోజు మధ్యాహ్నమే పొట్టి పేర్లన్నీ తీసేసి యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే లెక్కగా వాడే సమయం) ఒక్కటే ఉంచాం. పక్కన ఎవరి స్థానిక సమయం వాళ్లకు చూపించే లింక్ పెట్టాం. తేదీని నిర్దిష్టంగా రాయడం కేటలాగింగ్‌లో మొదటి పాఠం. దాన్ని సొంత పోస్టర్ మీద పాటించలేదు.

ఎరుపు ఎరుపులా లేదు

మొదటి రోజు అసలు ఆకర్షణ రంగుల మీద ప్రసంగం. ఒకే చిత్రాన్ని రెండు పద్ధతుల్లో స్కాన్ చేస్తే ఎర్రటి వస్త్రం మడతల్లో ఛాయలు ఎలా మారతాయో పక్కపక్కన పెట్టి చూపించాలి. వక్త చాలా జాగ్రత్త గల మనిషి. చిత్రంతో పాటు రంగులు సరిచూసుకునే కలర్ చార్ట్ కూడా పెట్టి తీశారు. స్క్రీన్ షేర్ చేసి "తేడా కనిపిస్తోందా?" అని అడిగారు. చాట్‌లో జవాబులు వరసగా వచ్చాయి. "లేదు." "రెండూ ఒకేలా ఉన్నాయి." "నాకు కుడివైపుది కొంచెం నల్లగా ఉంది." "నాకు ఎడమవైపుది."

లోపం వక్తది కాదు. వీడియో మీటింగ్‌లో తెర మీది బొమ్మ వీడియోగా మారి, కుదించుకుపోయి అవతలివాళ్లకు చేరుతుంది. మామూలుగా వాడే కుదింపులో వెలుగు నీడల సమాచారం ప్రతి పిక్సెల్‌కీ వెళ్తుంది, రంగు సమాచారం మాత్రం నాలుగు పిక్సెళ్లకు ఒకటే వెళ్తుంది. మనిషి కన్ను వెలుగులో తేడాను పట్టినంత బాగా రంగులో తేడాను పట్టదు కాబట్టి ముఖాలు చూడటానికి అది చాలు. ఎర్రటి మడతల్లో సన్నటి ఛాయలు చూడటానికి చాలదు. నెట్ కొంచెం నెమ్మదించినా కుదింపు ఇంకా పెరుగుతుంది. దీనికి తోడు చూసేవాళ్ల తెరలు ఎవరివి వాళ్లవి. ఒకరిది రంగులు సరిగ్గా చూపేలా కాలిబ్రేట్ చేసిన మానిటర్, ఇంకొకరిది రాత్రి మోడ్‌లో పసుపు తిరిగిన ల్యాప్‌టాప్.

ఇంకో చిక్కు తర్వాత బయటపడింది. చిత్రాన్ని తీసింది అడోబీ ఆర్‌జీబీ అనే విశాలమైన రంగుల పరిధిలో. స్లైడ్ షోలోకి ఎక్కించేటప్పుడు, ఏ పరిధిలో తీశారో చెప్పే కలర్ ప్రొఫైల్ రాలిపోయింది. ప్రొఫైల్ లేని ఫైలును చాలా ప్రోగ్రాములు ఎస్‌ఆర్‌జీబీ (మామూలు తెరల కోసం ఉన్న చిన్న పరిధి) అనుకుని చూపిస్తాయి. అప్పుడు రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి, ఎరుపులూ ఆకుపచ్చలూ మరీను. అంటే తెర షేర్ చేయకముందే సగం రంగు పోయింది.

ఆ రాత్రి ఏం చేద్దామని చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. చివరికి వక్తే దారి చూపారు. బొమ్మల్ని వీడియోలో పంపడం మానేద్దాం, ఎవరి బ్రౌజర్‌లో వాళ్లు తెరుచుకునేలా చేద్దాం అన్నారు. ఇలాంటి పనికే ట్రిపుల్ ఐ ఎఫ్ అనే పద్ధతి ఉంది. 2011లో కొన్ని పెద్ద లైబ్రరీలు కలిసి మొదలుపెట్టాయి. పెద్ద చిత్రాన్ని మొత్తం దించుకోకుండా, మనం చూస్తున్న ముక్క ఎంత వివరంతో కావాలో అంతే సర్వర్ నుంచి తెచ్చి చూపిస్తుంది. రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి ఒకే చోట జూమ్ చేసే వ్యూయర్లు దీని మీద పనిచేస్తాయి. రెండు స్కాన్లకూ సరైన ప్రొఫైల్ పెట్టి, సర్వర్‌లోకి ఎక్కించి, మర్నాడు పొద్దున లింక్ ఇచ్చాం. పావుగంట మళ్లీ చూపించారు. ఎవరి తెర రంగు వాళ్లదే అయినా ఇప్పుడు ప్రతి ఒక్కరూ తమ తెర మీద రెంటినీ పోల్చి చూస్తున్నారు కాబట్టి తేడా కనిపించింది. చాట్‌లో "అబ్బ" అని ఎవరో రాశారు. సదస్సు మొత్తంలో నాకు బాగా గుర్తున్న మాట అదే.

అప్పటినుంచీ ఒక నియమం పెట్టుకున్నాం. మాట వీడియోలో, బొమ్మ బ్రౌజర్‌లో. రంగు గానీ సూక్ష్మ వివరం గానీ ప్రసంగానికి ప్రాణమైతే లింక్ తప్పనిసరి. బొమ్మ ఉదాహరణకే అయితే స్క్రీన్ షేర్ చాలు.

చూపించొచ్చు, కానీ ఉంచుకోకూడదు

హక్కుల పని ఇంత ఉంటుందని అనుకోలేదు. సదస్సుకు ముందు వక్తలందరికీ ఒకే ప్రశ్న పంపాం: "మీ స్లైడ్లలోని బొమ్మలకు అనుమతి ఉందా?" అందరూ ఉందన్నారు. ప్రశ్నే తప్పు. వాళ్లు చెప్పింది ప్రసంగంలో చూపించడానికి ఉన్న అనుమతి గురించి. మేం మనసులో పెట్టుకున్నది రికార్డింగ్‌ను నెట్‌లో పెట్టడం గురించి. ఆ రెంటికీ మధ్య చాలా దూరం ఉంది. క్లాసులో పదిమందికి చూపించిన బొమ్మను లోకమంతా ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసేలా పెట్టడం చట్టం దృష్టిలో వేరే పని.

ఇది తెలిసింది రెండో రోజు పొద్దున. ఒక వక్త ప్రసంగం మొదలుపెడుతూ "ఈ తర్వాతి ఆరు ఫోటోలు ఆ కుటుంబం నమ్మకంతో చూపించమన్నవి, బయటికి వెళ్లవు కదా?" అని మామూలుగా అడిగారు. రికార్డింగ్ ఎర్ర చుక్క అప్పటికే వెలుగుతోంది. ఆపేశాం. ఆమె అడగకపోయి ఉంటే ఆ ఫోటోలు బయటికి వెళ్లిపోయేవి.

ఆ మధ్యాహ్నం విరామంలో ఒక షీటు తయారుచేశాను. ప్రతి బొమ్మకూ ఒక వరస. ఎక్కడిది, హక్కు ఎవరిది, ఆ తర్వాత మూడు గడులు: ప్రసంగంలో చూపించొచ్చా, రికార్డింగ్‌లో ఉండొచ్చా, స్లైడ్ల ఫైలులో పంచొచ్చా. మూడింటికీ వేరువేరు జవాబులు రావచ్చు, వచ్చాయి కూడా. హక్కుల స్థితి రాయడానికి రైట్స్‌స్టేట్‌మెంట్స్ అనే పద్ధతిలోని సిద్ధ వాక్యాలను వాడాం. 2016లో వచ్చిన ఈ పద్ధతిలో మొత్తం 12 ప్రకటనలు ఉన్నాయి: కాపీరైట్ ఉన్నవాటికి ఐదు, లేనివాటికి నాలుగు, తేలనివాటికి మూడు. ఆ చివరి మూడే నాకు ఇష్టం. "తేల్చలేకపోయాం" అని నిజాయితీగా రాసుకోవడానికి అవి వీలిస్తాయి. ఆ వీలు లేనప్పుడు మనుషులు ఏదో ఒకటి ఊహించి రాసేస్తారు.

షీటు నింపుతుంటే వక్తల్లో కొందరు అప్పటికప్పుడు బొమ్మలు మార్చేశారు. అనుమతి తేలనివాటిని తీసి, బాహాటంగా వాడుకోనిచ్చే సేకరణల్లోంచి తెచ్చి పెట్టారు. ఇప్పుడు అలాంటివి తక్కువేం కాదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తన దగ్గరున్న పబ్లిక్ డొమైన్ (కాపీరైట్ లేని) కళాకృతుల చిత్రాలను 2017 ఫిబ్రవరిలో సీసీ జీరో కింద, అంటే ఎవరైనా షరతుల్లేకుండా వాడుకునేలా, ఇచ్చేసింది. స్మిత్‌సోనియన్ 2020 ఫిబ్రవరిలో 28 లక్షల చిత్రాలతో మొదలుపెట్టింది. పోలిక చూపించడానికి ఫలానా కుండే కావాలని లేనప్పుడు అదే కాలం నాటి ఇంకో కుండ సరిపోతుంది.

ఇక్కడ ఒక వాదం కూడా రేగింది, కార్యక్రమంలో లేనిది. పాత పెయింటింగ్‌కు కాపీరైట్ ముగిసింది, కానీ దాన్ని ఉన్నదున్నట్టు తీసిన ఫోటోకు ఉంటుందా? 1999లో బ్రిడ్జ్‌మన్ అనే చిత్రాల సంస్థకూ కోరెల్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీకీ మధ్య నడిచిన కేసులో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఉండదంది: అచ్చుగుద్దినట్టు తీసిన ఫోటోలో కొత్త సృజన ఏమీ లేదు కాబట్టి. యూరోపియన్ యూనియన్ 2019 కాపీరైట్ డైరెక్టివ్ (సభ్య దేశాలు తమ చట్టాల్లో పెట్టుకోవాల్సిన ఆదేశం)లోని 14వ ఆర్టికల్ కూడా ఇదే దారిలో ఉంది. అయితే ఆ కోర్టు మాట గోడకు వేలాడే చదును చిత్రాల సంగతి. శిల్పాన్ని ఫోటో తీసినప్పుడు వెలుగు ఎటునుంచి, కోణం ఏది అన్నవి తీసినవాళ్ల నిర్ణయాలు. అక్కడ ఫోటోగ్రాఫర్ హక్కు వేరే లెక్క. ఈ తేడా తెలియకుండానే చాలామంది ఏళ్ల తరబడి రెంటికీ ఒకే ముద్ర వేస్తున్నారని ఆ చర్చలో బయటపడింది. వాళ్లలో నేనూ ఉన్నాను.

"ఇక్కడ" అంటే ఎక్కడ?

రెండో రోజు చివర్లో, చూపు లేని ఒక సభ్యురాలు మైకు తీసుకున్నారు. ఆమె ఒక సౌండ్ ఆర్కైవ్‌లో పనిచేస్తారు, ఫోటోలు కూడా ఆమె బాధ్యతే. "పొద్దున్నుంచి ఇరవైసార్లు 'ఇక్కడ చూస్తున్నట్టుగా' అన్నారు. ఇక్కడ ఏముంది?" అని అడిగారు. గొంతులో కోపం లేదు. మాట్లాడుతున్న వక్త తెర మీదున్న బొమ్మ వివరాలు చెప్పారు: తీసినవాళ్లు, సంవత్సరం, ప్రింటు రకం (జెలటిన్ సిల్వర్), కొలతలు, సేకరణలో దానికిచ్చిన యాక్సెషన్ నంబరు. ఆమె అంతా విని, "సరే, బొమ్మలో ఏముంది?" అన్నారు.

గది కాసేపు నిశ్శబ్దమైంది. మా రికార్డులన్నీ వస్తువు గురించి. బొమ్మలో ఏముందో రాసే గడి ఉంటుంది గానీ దాన్ని "మహిళలు, వీధి దృశ్యం" లాంటి రెండు విషయ శీర్షికలతో నింపి ముందుకు వెళ్లిపోతాం. అవి వెతకడానికి పనికొస్తాయి, చూపించడానికి కాదు. ఆ వక్త మళ్లీ మొదలుపెట్టారు. "ముగ్గురు ఆడవాళ్లు తడి వీధిలో నడుస్తున్నారు. మధ్యలో ఉన్నామె గొడుగు మూసి కర్రలా పట్టుకుంది. ముగ్గురూ కెమెరా వైపు చూడటం లేదు." అలా చెబుతుంటే చూపున్న మేం కూడా మూసిన గొడుగును అప్పుడే గమనించాం.

మూడో రోజు నుంచి వక్తలందరినీ ప్రతి బొమ్మకూ రెండు మూడు వాక్యాలు పైకి చెప్పమన్నాం. ప్రసంగాలు కొంచెం సాగాయి. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. క్యాప్షన్ల సంగతి మాత్రం చివరిదాకా బాగుపడలేదు. ఆటోమేటిక్ క్యాప్షన్లు చిత్రకారుల పేర్లనీ "ట్రిపుల్ ఐ ఎఫ్" లాంటి మాటల్నీ ఒక్కోసారి ఒక్కోలా రాశాయి. మాటల పట్టిక ముందే ఇచ్చి మనిషి చేత రాయించుకోవాలి. ఇంకో దారి నాకు తెలియదు.

స్పాన్సర్ల సాఫ్ట్‌వేర్ ప్రదర్శనలు జరిగాయి. వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ఒక బొమ్మ, ఒక చిక్కు

ఆరేసి మందిని చిన్న గదుల్లోకి పంపి, తలా ఒక చిక్కు బొమ్మ తెమ్మన్నాం. ఇది చివరి నిమిషంలో ఖాళీ నింపడానికి పెట్టింది. చాలామంది దాని గురించే తర్వాత రాశారు. మా గదిలో ఒకరు స్లైడ్ స్కాన్ చూపించారు. ఒక భవనం ముందు నిలబడ్డ మనుషులు. ఆ భవనం ఏదో ఏళ్లుగా తేలలేదట. ఒకరు అడిగారు: "ఆయన కోటు చూడండి, గుండీలు ఎటున్నాయి?" మగవాళ్ల కోటులో ఎడమ అంచు కుడి అంచు మీదికి వస్తుంది. ఇక్కడ తిరగబడి ఉంది, అందరికీ. అంటే స్లైడును వెనక వైపు నుంచి స్కాన్ చేశారు. బొమ్మను అద్దంలోలా తిప్పి చూడగానే భవనం ఏదో ఇద్దరు గుర్తుపట్టారు. అన్నేళ్లూ దాన్ని తిరగబడ్డ రూపంలో వెతుకుతున్నారు.

స్లైడ్ ఫ్రేమ్‌ను (ఫిల్మ్ చుట్టూ ఉండే చట్రాన్ని) కూడా స్కాన్ చేసి ఉంటే ఈ చిక్కే రాకపోవును. చాలా ఫ్రేముల మీద ఎటు ముందు, ఎటు వెనక అన్నది రాసి ఉంటుంది. దాని మీద తీసినవాళ్ల చేతిరాత కూడా ఉండవచ్చు. ఫిల్మ్ ఒక్కటే స్కాన్ చేసి ఫ్రేమ్ పారేస్తే సగం రికార్డు పోయినట్టే. ఫోటో ప్రింట్లకు వెనక వైపు స్కాన్ చేయడం కూడా ఇలాంటిదే.

అయితే గదుల టైమర్ పెట్టింది మేమే, ముందుగా చెప్పనిదీ మేమే. భవనం పేరు చెబుతున్న మనిషి నోట్లో మాట ఉండగానే అందరూ పెద్ద గదిలోకి వచ్చి పడ్డారు. ఆ పేరు మళ్లీ చాట్‌లో అడిగి రాయించుకోవాల్సి వచ్చింది.

పోయిన గంటను మళ్లీ కూర్చడం

ఇప్పుడు ఆ దొరకని రికార్డింగ్ సంగతి. పాత 35 మిల్లీమీటర్ల స్లైడ్లను ఏం చేయాలన్న చర్చ అది. అందరికీ ఉన్న బాధే. కొడాక్ స్లైడ్ ప్రొజెక్టర్ల తయారీని 2004లో ఆపేసింది, కోడాక్రోమ్ అనే తన కలర్ ఫిల్మ్‌ను 2009లో. చాలా సేకరణల్లో బీరువాల కొద్దీ స్లైడ్లు ఉన్నాయి, అడిగేవాళ్లు లేరు, ఆ గది మాత్రం ఇంకెవరికో కావాలి.

ఆ గంటను తిరిగి కూర్చడానికి నా దగ్గర మూడు ముక్కలున్నాయి. చాట్ ఫైలు, ఇద్దరు వక్తల ప్రసంగం స్లైడ్ ఫైళ్లు, ఒక సభ్యురాలు చేత్తో రాసుకున్న నోట్సు ఫోటోలు. ఆమె అడగ్గానే పంపారు. వీటిని పక్కపక్కన పెడితే చర్చ చాలావరకు లేచి నిలబడింది. పుస్తకాల్లోంచి కాపీ స్టాండ్ (కెమెరాను పేజీ మీదుగా నిలిపే స్టాండు) మీద తీసిన స్లైడ్లను వదిలేయొచ్చని ఎక్కువమంది అభిప్రాయం. అవే చిత్రాలు ఇప్పుడు వాటి అసలు కృతులున్న మ్యూజియాల దగ్గరే ఇంతకంటే బాగా దొరుకుతాయి. అధ్యాపకులు ప్రయాణాల్లో స్వయంగా తీసినవి వేరు. కూల్చేసిన భవనాలు, మరమ్మతుకు ముందున్న కుడ్యచిత్రాలు వాటిలో ఉంటాయి, ఇంకెక్కడా ఉండవు. కోడాక్రోమ్ చీకట్లో ఉంచితే రంగు బాగా నిలుస్తుందనీ, ప్రొజెక్టర్ వెలుగుకు మాత్రం తొందరగా వెలుస్తుందనీ ఒకరు చెప్పారు. ఎసిటేట్ ఫిల్మ్ కుళ్లుతూ వెనిగర్ వాసన వస్తే ఏం చేయాలన్న ప్రశ్నకు చాట్‌లోనే మంచి జవాబు ఉంది: మిగతావాటి నుంచి వేరు చేయండి, చల్లని చోట పెట్టండి, ఆమ్లం ఎంతుందో రంగు మారే ఏ-డీ స్ట్రిప్స్‌తో చూడండి, ముందు ఎక్కువ పాడైనవి స్కాన్ చేయండి. ఆ కుళ్లు తనను తానే పెంచుకుంటుంది కాబట్టి వాయిదా పనికిరాదు.

వేదిక మీది ప్రసంగంలో ఈ వివరాలు సగమే ఉన్నాయి. మిగతా సగం చాట్‌లోనే నడిచింది. కాబట్టి రికార్డింగ్ దొరికి ఉన్నా, వీడియో మాత్రమే దాచుకుని ఉంటే, ఈ గంటలో విలువైన సగం ఎలాగూ పోయేదే. చాట్ ఫైలును దాచింది ముందుచూపుతో కాదు, సేవ్ బటన్ దగ్గరే ఉంది కాబట్టి. దాన్ని పంచుకునే ముందు పేర్లు తీసేసి, రాసినవాళ్లను అడిగాను. ఇద్దరు తమ మాటలు తీసేయమన్నారు, తీసేశాను.

తర్వాత మూడు వారాల సాయంత్రాలు సదస్సును ఒక సేకరణలా చూస్తూ గడిచాయి. "ఫైనల్", "ఫైనల్ 2", "ఇదే ఫైనల్" అన్న ఫైళ్లకు పేర్లు పెట్టాను. ప్రతి ప్రసంగానికీ ఒక నంబరు, డబ్లిన్ కోర్ అనే వివరాల పద్ధతిలోని 15 అంశాలతో ఒక రికార్డు, ఫైలు మారిందో లేదో పట్టిచ్చే చెక్‌సమ్, హక్కుల షీటులో దాని వరసకు లింకు. వీడియో, స్లైడ్లు, చాట్, క్యాప్షన్ ఫైలు నాలుగూ ఒకే నంబరు కింద. మూడు కాపీలు, వాటిలో ఒకటి వేరే దేశంలో ఉన్న బృంద సభ్యుడి దగ్గర. తర్వాతి సదస్సుకు ఈ పని మొదటి రోజుకు ముందే మొదలవుతుంది: నంబర్లు కార్యక్రమం ఖరారైన రోజే పడతాయి, రికార్డింగ్‌లు ఆ సాయంత్రమే దిగుతాయి, ఆ తాత్కాలిక మెయిల్ ఖాతా ఇద్దరి ఫోన్లలో ఉంటుంది.

స్లైడ్ల చర్చకు కూడా నంబరు ఇచ్చాను. దాన్ని వదిలేసి తర్వాతి దానికి ఆ నంబరు పెట్టేద్దామని బృందంలో ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు. రికార్డులో రూపం అన్న గడిలో ఇలా ఉంది: "వీడియో లేదు. నిర్వాహకుల పొరపాటు వల్ల చెరిగిపోయింది. చాట్ ప్రతి, 2 స్లైడ్ ఫైళ్లు, చేతిరాత నోట్సు ఫోటోలు ఉన్నాయి." మెయిల్ రాసినావిడకు ఆ రికార్డు లింకే పంపాను.